ఒకటిన్నర గ్లాసు

మా జువ్వలదిన్నెలో బ్రెడ్డంటే జొరమొచ్చినోళ్ళ తిండి. చిన్నప్పుడు ఒళ్ళు వెచ్చబడితేనే కావలి నించి బ్రెడ్డు పొట్లం వచ్చేది, పాలల్లో నంచి తినిపించేవాళ్ళు. అలాంటి ఇంట్లోకి పోయినేడు చెన్నై నించి ఒక బ్రెడ్ మిషను మోసుకొచ్చాను. సరదాకి కాదు. నాయనకి షుగరొచ్చిన కాడ్నించీ రాత్రిళ్ళు చపాతీలే. పదకొండేళ్ళుగా రోజూ పిండి పిసికి పిసికి అమ్మ కుడి మణికట్టు పాడయింది, నీళ్ళ చెంబు ఎత్తాలన్నా రెండో చెయ్యి సాయం కావాలి. చపాతీ అయినా బ్రెడ్డయినా గోధుమపిండి గోధుమపిండే, షుగరుకి పెద్ద తేడా ఏం పడదు. నాకు కావల్సిందల్లా ఆ చేతికి సెలవు.

డబ్బా విప్పుతుంటే అమ్మ చూసి, "అంటే ఇంక నా చెయ్యి పన్లేదనా?" అంది. నవ్వుతూనే అంది. కానీ వారం రోజులు మిషను దగ్గరికి రాలేదు.

ఆ వారం నేను ఇటుకలు తయారుచేశాను. మిషనుతో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే అర కిలో పిండికి 300 మిల్లీలీటర్ల నీళ్ళు, ఈస్టు, ఉప్పు, నూనె. నాలుగు గంటల తర్వాత వచ్చినదాన్ని నాయన వేలితో కొట్టి చూసి, "పడవకి లంగరేసుకోవచ్చు" అన్నాడు. ఆ కొలత మన పిండికి రాసింది కాదు. చక్కీలో రాళ్ళ మధ్య నలిగేటప్పుడు గోధుమలోని స్టార్చి రేణువులు చితుకుతాయి, చితికినవి నీళ్ళు ఎక్కువ పీలుస్తాయి. చపాతీకి అది వరం. బ్రెడ్డుకి మాత్రం తిప్పలు. పైగా పొట్టు తునకలు గ్లూటెన్ పోగుల్ని తెంపేస్తాయి. సరే అని నీళ్ళు పెంచాను. మా ఊరి ఉక్కకి ఈస్టు రెచ్చిపోయి, పిండి మూతదాకా పొంగి, కాలేలోపే నడుమ కుంగింది. ఇవన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించేవాణ్ణి. వృత్తి రోగం.

ఈ మిషను పుట్టుకలో కూడా ఒక సాఫ్ట్‌వేర్ మనిషి ఉంది. 1985లో జపాన్‌లోని మత్సుషిత కంపెనీవాళ్ళకి పిండి సరిగ్గా పిసికే యంత్రం కుదరలేదు. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్లో రొట్టెల పెద్ద దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీస్తూ మెలిపెట్టడం గమనించింది. దాన్నిబట్టే మిషను లోపలి గోడలకి గట్లు పెట్టారు. 1991లో ఇకుజిరో నొనాకా వ్యాసంతో, చేతిలోని విద్యని యంత్రంలోకి దించొచ్చు అనడానికి ఇది పేరుమోసిన ఉదాహరణ అయిపోయింది. కాలేజీలో చదివినప్పుడు నేనూ మురిసిపోయాను. 2007లో రిబేరో, కాలిన్స్ దీనికి అడ్డం తిరిగారు. ఆ పెద్దాయన విద్య మిషన్లోకి దిగనేలేదు, తక్కువైనదాన్ని మిషను వాడే మనుషులే పూరిస్తున్నారు అన్నది స్థూలంగా వాళ్ళ వాదన. నొనాకా కథే చదవడానికి బాగుంటుంది. కానీ నా ఇటుకలు రెండోవాళ్ళ వైపే ఉన్నాయి.

ఎనిమిదో రోజు మిషను తిరుగుతుండగా కరెంటు పోయింది. వచ్చాక అది ఎంతవరకు పిసికిందో మర్చిపోయి మొదటికొచ్చింది. నేను తల పట్టుకుని కూర్చుంటే అమ్మ వచ్చి మూత తీసి, ఎడం చేత్తో ముద్దని నొక్కింది.

"ఇది ఇంకా నీళ్ళు తాగుద్ది అబ్బయ్యా. అయినా నానబెట్టకుండా పిసికేస్తే ఎట్ట?"

చపాతీ పిండి కలిపి అరగంట తడిగుడ్డ కప్పి ఉంచుద్ది అమ్మ. దీన్నే రేమండ్ కాల్వెల్ అనే ఫ్రెంచి ఆయన ఆటోలీజ్ అన్నాడని బ్రెడ్డు పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. పిండి, నీళ్ళు ముందు కలిపి వదిలేస్తే పొట్టు నానుద్ది, గ్లూటెన్ దానంతటదే అల్లుకుంటుంది, ఈస్టూ ఉప్పూ ఆ తర్వాత. నేను ఆ పుస్తకాలు చదివాను. పక్కగదిలో రోజూ జరిగేదాన్ని మాత్రం చూళ్ళేదు.

ఆ రాత్రి బ్రెడ్డు పొంగింది. మైదా బ్రెడ్డంత కాదు, కానీ కోస్తే పొడవలేదు. నాయన పాలు పక్కకి నెట్టి చేపల పులుసు వేయించుకున్నాడు. మూడు ముక్కలు తిన్నాడు, షుగరు మాట ఎవరం ఎత్తలేదు.

ఇప్పుడు నేను మళ్ళీ చెన్నైలో. స్ప్రెడ్‌షీట్‌లో నీళ్ళ గడి ఖాళీగా ఉండిపోయింది, ఫోన్ చేసి అడిగాను.

"మీ నాయన మాత్రలేసుకునే గ్లాసు లేదా, దాంతో ఒకటిన్నర. ఇయ్యాల కాస్త తగ్గించా."

"ఎంత తగ్గించావు?"

"ముసురు పట్టుంది గదా, అంత."