దసలి పురుగు అసలు పేరేమిటి?

తెలంగాణలోని మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో దసలి పట్టు పండించే రైతుకి తన పురుగు పేరు మీద ఏ అనుమానమూ లేదు. మద్దిచెట్టు ఆకు తింటుంది, కొమ్మకు కాడ అల్లుకుని గట్టి కాయ కడుతుంది. అది దసలి పురుగు. పేచీ అంతా శాస్త్రవేత్తలకే!

1758లో లిన్నేయస్ దీని చుట్టాల్లో ఒకదానికి ‘పాఫియా’ అని పేరు పెట్టాడు. 1773లో డ్రూరీ అనే ఇంగ్లండు పెద్దమనిషి ‘మిలిట్టా’ అన్నాడు. 1819లో హ్యూబ్నర్ వచ్చి ‘ఆంథీరియా’ అనే ప్రజాతిని ఏర్పరిచాడు. సామర్లకోటలో మొక్కలు పెంచి, తర్వాత కలకత్తా వెళ్లిన రాక్స్‌బర్గ్ 1804లో అచ్చయిన వ్యాసంలో దసలిని పాఫియా అనే రాశాడు. పట్టు పరిశ్రమ పుస్తకాలేమో మిలిట్టా అంటాయి. రెండూ ఒకటేనని కొందరు, కాదని కొందరు. ఒకటే అయితే పాత పేరుకే పట్టం కట్టాలన్నది నియమం. అప్పుడు పుస్తకాలన్నీ దిద్దుకోవాల్సిందే.

ఈ ప్రజాతితో ఇంకో చిక్కుంది. రెండు జీవులు కలిసి, వాటి పిల్లలకూ సంతానం కలిగితే అవి ఒకే జాతి అని బడిలో చదువుకుంటాం కదా! చైనా దసలి ‘పెర్నియీ’లో 49 జతల క్రోమోజోములుంటే హిమాలయాల ‘రాయ్‌లీ’లో సుమారు 30 జతలే. అయినా ఆ రెంటినీ కలిపితే పుట్టిన ‘ప్రాయ్‌లీ’ తరతరాలుగా గుడ్లు పెడుతూనే ఉంది. మణిపూర్‌లో ఓక్ చెట్ల మీద పెంచే పట్టుపురుగు అదే. పాపం, బడి పుస్తకం సంగతి దానికి తెలియదు.

మహదేవ్‌పూర్ రైతుకి పనికొచ్చే పేరు మాత్రం ఈ తగవులో ఎక్కడా లేదు. అక్కడి పురుగుని పట్టు పరిశ్రమవారు ‘ఆంధ్ర లోకల్’ అంటారు. కాయ గట్టిది, దారం బాగా వస్తుంది. కానీ అది ‘ఎకోరేస్’, అంటే ఒక ప్రాంతపు రకం. ఉపజాతి కంటే కింది పేర్లను జంతునామాల నిబంధనలు లెక్కలోకి తీసుకోవు. రేపు సింగ్‌భూమ్ ‘డాబా’ రకం గుడ్లు తెచ్చి ఈ అడవిలో వదిలితే, రెండూ కలిసిపోయి ఆంధ్ర లోకల్ మాయమైపోయినా ఆంథీరియా జాబితాలో ఒక్క అక్షరం తగ్గదు. తేడా తెలిసేది కాయను వేళ్లతో నొక్కి చూసే రైతుకీ, ఉడికించి దారం తీసే ఆడవాళ్లకీ.