నాలుగొందల యాభై వినపడాలంటే



పోయినసారి మిరప కోత కూలి గురించి రాస్తే, "అన్నా, ఆ మైకు కారు సంగతి కూడా రాయి" అని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. రాస్తున్నా.

వినుకొండ చుట్టుపక్కల మేం తిప్పేది ఒక పాత ఓమ్నీ. పైన రెండు కోను మైకులు, లోపల ఒక ఆంప్లిఫయర్. ఏ పల్లెకి ఆ పల్లె విడిగా కూలి మాట్లాడుకుంటే, పక్క పల్లె వాళ్ళు తక్కువకి వస్తామన్నారని చెప్పి రైతు రేటు తెగ్గోస్తాడు. అన్ని పల్లెల్లో ఒకే మాట చెప్పాలని కారు తీశాం. "నాలుగొందల యాభైకి తక్కువైతే ఆటో ఎక్కొద్దు" అని మా అక్క చెబుతుంటే, ఒక పల్లెలో వినపడింది నాలుగొందల దాకానే. యాభై గరగరలో కలిసిపోయింది. మర్నాడు వాళ్ళు నాలుగొందలకే చేలోకి దిగారు. "మీ కారే కదయ్యా చెప్పింది" అంది ఒక పెద్దమ్మ. ముప్పై మంది, తలకి యాభై. లెక్క మీరే వేసుకోండి.

కుర్రాళ్ళు వెంటనే బేస్ బాక్సులు పెడదామన్నారు. ఊరి డీజే మన గోడలు అదిరేలా మోగుతూ పోతుంది, మనదెందుకు మోగకూడదని వాళ్ళ కోపం. న్యాయమైన కోపమే. కానీ కూలి రేటు బేస్‌లో ఉండదు. మాట పోల్చుకోవడానికి 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ చాలు, పాత టెలిఫోను మోసింది అంతే. కింది శబ్దాలు బ్యాటరీని తాగేస్తాయి తప్ప మాటకి చేసేదేమీ లేదు.

వాట్ల పిచ్చి కూడా అంతే. 100 వాట్లని 200 చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. కారుకి దూరం రెట్టింపయితే పోయేది 6. కొత్త ఆంప్లిఫయర్ కొనేకంటే కారుని ఇంకో సందులోకి తిప్పడం చవక.

మరి గరగర ఎక్కడిది? ఆంప్లిఫయర్‌కి కరెంటు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి సన్న వైరుతో ఇచ్చి ఉంది. 12 వోల్టుల మీద 100 వాట్లు బయటికి రావాలంటే, వేడిగా పోయేది కూడా కలుపుకుని 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్న వైరులో వోల్టేజి పడిపోతుంది. అక్క గొంతు పెంచిన ప్రతిసారీ శబ్దం పైకొస తెగిపోతుంది. అందుకే బ్యాటరీ నుంచి నేరుగా లావు రాగి వైరు లాగాం, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాం. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు అంటగడతారు, గీకి చూసి కొనండి. ఎర్తు వైరు బిగించేచోట రంగు గీకి ఇనుము బయటపెట్టాం. ఎక్సలేటర్ తొక్కితే వచ్చే కూత దాంతో సగం పోయింది. మైకు వైరుని కరెంటు వైరుకి దూరంగా, రెండో పక్క నుంచి తెచ్చాక మిగతాదీ పోయింది.

వినుకొండలో పుట్టిన జాషువా 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకి పక్కనుండి కథా, మాటలూ చదివే పని చేశాడు. మైకు లేకుండా, హాలు చివరి మనిషికి అందేలా. మా అక్కకి ఇది చెబితే, "ఆయనకి సాకెట్ గోల లేదుగా" అంది.

ఇక అనుమతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మైకుకి రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు మోగకూడదు. అర్జీ పెట్టడానికి పోతే ఒకచోట "ఏ గుడి తరఫున?" అని అడిగారు. కూలోళ్ళ తరఫున అంటే రేపు రమ్మన్నారు. నాలుగుసార్లు తిరిగాక వచ్చింది. ఆ కాయితం జిరాక్సులు కారులో మూడు పెట్టాం.

కోతకి పోయే ఆటోలు ఆరున్నరకల్లా కదులుతాయి. అంటే మనకి దొరికేది అరగంట, అందులో నాలుగు పల్లెలు. రెండోసారి చెప్పే టైము ఉండదు.

వెనక కోను ఇంకా ఆకాశం వైపే చూస్తోంది. ఆదివారం దాన్ని కిందికి వంచి బిగిస్తాం. పదమూడో నంబరు స్పానర్ ఉన్నవాళ్ళు తీసుకురండి, మాది పోయింది.