మళ్ళీ తీయగలిగే సీలింగు

రేకుల కప్పు కింద ఫాల్స్ సీలింగు వేస్తే పైన చేరిన దుమ్ము సందుల్లోంచి గదిలోకి దిగుతుంది. బెల్లంపల్లి లాంటి బొగ్గు ఊళ్ళో అది నల్లటి దుమ్ము కూడా. స్క్రూలతో బిగించిన జిప్సం బోర్డుల అతుకులకు కాగితం టేపు, పుట్టీ సరిపోతాయి. పైన వైరింగు పాడైతే మాత్రం బోర్డు కోయాల్సిందే. అందుకే 600 మిల్లీమీటర్ల గళ్ళ చట్రంలో 595 మిల్లీమీటర్ల పలకలు పరుస్తారు. ఆ కాస్త వదులు వల్లే పలకను ఏటవాలుగా ఎత్తి తీయవచ్చు. దుమ్ముకూ అదే దారి. అక్కడ సిలికాన్ నింపడం తొందరపాటు, మళ్ళీ తీసినప్పుడు అంచు పెళ్ళలుగా ఊడుతుంది. చట్రం అంచుమీద మెత్తని ఫోమ్ టేపు అంటించి, జిగురులేని వైపు పలక ఆనించాలి. బరువుకు టేపు అణిగి సందు మూసుకుంటుంది. తేలిక పలకలు గాలికి లేస్తాయి, వాటికి క్లిప్పులు కావాలి. గోడవార కోసిన ముక్కలకు ముందే ప్రైమరు పూయకపోతే జిప్సం పొడే రాలుతుంది.