అమ్మే ముందు ఆగండి

పంది మేత మానేస్తే మిగతావి అమ్మేసుకుందామనిపిస్తుంది. మా వేములలో పెంపకందారు ఒకాయన బేరం మాట్లాడబోతుంటే పశువుల డాక్టరుగారు ఆపారు. ముందు మందు రాయలేదు, లెక్కలడిగారు. ఎన్ని పోయాయి? కొత్తవి ఎక్కడ కొన్నావు? హోటల్ ఎంగిలి పెడుతున్నావా? తర్వాత జ్వరం చూశారు, చెవుల మీద, పొట్ట మీద ఎర్రమచ్చలు వెతికారు. అయినా ఏ జబ్బో చెప్పలేదు.

ఎందుకంటే మామూలు స్వైన్ ఫీవర్, 2020లో అస్సాంలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కంటికి ఒకేలా ఉంటాయి. మొదటిదానికి టీకా ఉంది, రెండోదానికి మన దగ్గర లేదు. రక్తమో, చచ్చినదాని ప్లీహం ముక్కో ఐసులో పెట్టి భోపాల్‌లాంటి పెద్ద ప్రయోగశాలకు పంపితేనే తేలేది.

ఫలితం వచ్చేదాకా ఒక్క పందీ దొడ్డి దాటకూడదు. అన్నాళ్లు మేపడం చిన్నవాళ్లకు కష్టమే. కానీ జబ్బు పంది ఒక్కటి సంతకెక్కితే పక్క ఊళ్ల దొడ్లూ ఖాళీ అవుతాయి.