వలసవాని భాష, కథకుని భాష

సామ్ సెల్వన్ 1956లో ప్రకటించిన ‘ది లోన్లీ లండనర్స్’ నవలను వలసజీవులను తెలుసుకుందామని చదివాను. తీరా చూస్తే, అది నా చేతిలోని ఎర్రసిరా కలాన్నే బోనెక్కించింది.

సెల్వన్ ట్రినిడాడ్‌లో పుట్టాడు; తండ్రివైపు మూలాలు మద్రాసువి. యుద్ధానంతరం బ్రిటన్‌కు పనివాళ్లు కావలసివచ్చారు. 1948 నాటి జాతీయతా చట్టం బ్రిటన్ ప్రజలకూ, వలసరాజ్యాల ప్రజలకూ ఒకే పౌరసత్వం కల్పించింది. ఆ కాలంలో కరీబియన్ దీవులనుండి లండన్ చేరినవారే ఈ నవలలో ప్రధాన పాత్రలు. గాలహాడ్ చలికాలపు రాత్రి వాటర్లూ స్టేషనులో దిగుతాడు. ఒంటిపై పలుచని సూటు. సామానల్లా ఒక టూత్‌బ్రష్. పని ఇప్పించే కచేరీలో తమవారి కాగితాలపై ‘జమైకా, నల్లవాడు’ అని పొడి అక్షరాల్లో గుర్తు వేస్తారని మిత్రుడు మోజెస్ చెబుతాడు. ఏ దీవివాడైనా అక్కడ జమైకావాడే!

దీనిని ‘సాంస్కృతిక విచ్ఛేదం’ అని నిట్టూర్చి ఊరుకోవటం తేలిక. కాని పరాయితనం జ్ఞాపకాలలో మాత్రమే పుట్టదు. పని అడిగేచోట, గది అద్దెకడిగేచోట పుడుతుంది.

సెల్వన్ ఈ నవలను మొదట ప్రామాణిక ఇంగ్లీషులో రాయబోయాడు, అది సాగలేదు. సంభాషణలకే కాక కథనానికీ తన దీవి పలుకుబడిని, పరాయి పాఠకునికి అందేటట్లు మలచి, వాడిన తరువాతనే నవల నడిచింది.

ఇది చదివిన రోజులలోనే శ్రీకాకుళం ప్రాంతపు విద్యార్థి ఒకడు కథ తెచ్చాడు. హైదరాబాదులో మేస్త్రీ కింద ఇటుకలు మోసిన తన తల్లి కథ. ఆమె చెబుతున్నట్టే రాశాడు. సంభాషణలు ముట్టుకోకుండా, కథనాన్నంతా ‘శిష్టం’గా దిద్దాను. కుర్రవాడు కాగితాలు చూసుకొని, “మాయమ్మ మాటాడొచ్చు గానీ కత సెప్పకూడదేటి మాస్టారూ?” అన్నాడు.

జవాబు లేకపోయింది. గిడుగువారి జయంతికి ఏటా ఆగస్టు 29న ఉపన్యసించేవాణ్ణి నేను! కూలివాని మాటను కొటేషన్ల మధ్య ఉండనిచ్చి, కథ చెప్పే పెత్తనం మాత్రం చదువుకున్నవాని కింద ఉంచుకున్నాను. అతడిని స్వంత కథలోనే కాందిశీకుణ్ణి చేశాను.

నా దిద్దుబాట్లు కొట్టివేసి కాగితాలు తిరిగి ఇచ్చాను. వలస సాహిత్యాన్ని చర్చించే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి: వలసవాడు ఏమి పోగొట్టుకున్నాడని అడిగేముందు, అతని కథ ఎవరి భాషలో నడుస్తున్నదో చూడండి.