తరిమెన పట్టిన బిళ్ళ

జహీరాబాదులో మా ప్రక్కింటి వదినెగారు, మగడు మంచము పట్టిన నాటినుండి, జొన్నపిండి మురుకులు చేసి దుకాణములకు వేసి సంసారము నీడ్చుచున్నారు. మొన్న దీపావళికి ముందు ఒక దుకాణమువారు ఇరువది కిలోలు కావలెననిరి. గడువు ఎనిమిది దినములు. అంగడిలో దొరకు బిళ్ళలు బియ్యపుపిండికై చేసినవి. జొన్నపిండికి గోధుమపిండివలె జిగి యుండదు గదా; వేడినీళ్లతో కలిపినను సన్నని రంధ్రములలో తునిగిపోవును. గొట్టము నదిమి యదిమి యామె మణికట్టు వాచినది.

పట్టణమున నొక కార్ఖానావారి నడిగింపగా, అచ్చు చేయింపవలెను, వేయి బిళ్ళలకు తక్కువైన గిట్టదనిరి. వారి లెక్క వారిది. అచ్చు ఖర్చు వేయింటిమీద పంచిననే తీరును. కాని మాకు కావలసినది ఒక్కటి!

అంతట మావారు మమ్ము నిద్దరిని రహదారి ప్రక్కనున్న లేతు దుకాణమునకు దోడ్కొనిపోయిరి. ట్రాక్టరు ఇరుసులు బాగుచేయు చోటది. మన పెద్దలు తరిమెన పట్టుట యనిన పనియే యిది: వస్తువు తిరుగును, ఉలి నిలిచి చెక్కును. అచ్చుతో పనిలేదు, కొలత మారిన మరల చెక్కుటయే. మేస్త్రి గొట్టము లోపలి కొలత తీసి, మెత్తనిదగుటచే మొదట అల్యూమినియముతో నాలుగు మిల్లీమీటర్ల రంధ్రముల బిళ్ళ చేసి యిచ్చెను. పిండి తెగినది. మరునాడు అయిదు మిల్లీమీటర్లది. సాగినది గాని అంచులు చీలినవి. వదినెగారు బిళ్ళను వెలుతురున కెత్తి చూచి, "లోపలివైపు గరాటువలె వెడల్పు చేయుము, నాయనా" అనిరి. మేస్త్రి తల యూచెను. మూడవది స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసెను. అది గట్టిలోహము, తొందరించిన బరమా మొన పోవును గావున ఒక పూట పట్టినది.

ఇట్టి మాదిరి వస్తువులకై హైదరాబాదు రాయదుర్గమున 2023 మార్చి 2వ తేదీన టీ-వర్క్స్ ప్రారంభమైనది. అచట కంప్యూటరు నడుపు కోతయంత్రములును, పొరమీద పొర పేర్చి వస్తువును పెంచు త్రీడీ ముద్రణ యంత్రములును గలవు. ఈ ముద్రణకు 1984లో అమెరికాలో చార్లెస్ హల్ పేటెంటు కోరెను. ఆకారము చూచుకొనుటకు మేలైన విద్యయే. కాని ప్లాస్టికు పొరల సందులలో పిండి చిక్కిన నెవరు తోమగలరు? వంటయింటి మాట వంటయింటివారే యెరుగుదురు.

పండుగకు రెండు దినములు ముందే డబ్బాలు దుకాణము చేరినవి. తెగిన బిళ్ళను మేస్త్రి గోడమేకునకు తగిలించుకొనెను. రెండవది మా పిల్లల బొమ్మరింట నున్నది.