వేలానికి రాని తరంగం

ఈ వాక్యం రాస్తున్న సమయంలో నా ల్యాప్‌టాప్‌తో తీగలేవీ లేకుండా అయిదు పరికరాలు ఒకేసారి సంభాషిస్తున్నాయి. కీబోర్డు, మౌస్, చెవిలో ఇయర్‌ఫోన్లు, గోడవారన ప్రింటరు, ఫొటోలు పంపే ఫోను. ఇది విలాసమని అనుకోవద్దు. రెండు దశాబ్దాలుగా పార్లమెంటు వార్తలు రాస్తూ వంగిపోయిన మెడకు వైద్యుడు చెప్పిన చికిత్స ఇది. తెరను కళ్ల ఎత్తుకు లేపమన్నాడాయన. తెర లేస్తే దానికి అతుక్కుని ఉన్న కీబోర్డు కూడా లేస్తుంది గనుక విడిగా ఒక కీబోర్డు కొన్నాను. దాని వెంట మౌస్, మౌస్ వెంట మిగతావి వచ్చి చేరాయి.

విడివిడిగా అన్నీ బుద్ధిగానే పనిచేస్తాయి. ఒకేసారి కలిపినప్పుడే తంటా. సాయంత్రం ఏడు దాటిందంటే మౌస్ బాణం తెర మీద కుంటడం మొదలుపెడుతుంది. ఆన్‌లైన్‌లో జరిగే విలేకరుల సమావేశంలో మంత్రిగారి వాక్యం సరిగ్గా క్రియాపదం దగ్గర తెగిపోతుంది. నిధులు 'విడుదల చేశాము' అన్నారో 'చేస్తాము' అన్నారో చెవికి అందదు. మా వృత్తిలో ఆ రెండు పదాల మధ్య తేడాయే వార్త.

కారణం ల్యాప్‌టాప్‌లో ఉందనుకుంటే పొరపాటు. నేను నివసించేది నోయిడాలో ఒక బహుళ అంతస్తుల సముదాయంలో, పద్నాలుగో అంతస్తున. వైఫై జాబితా తెరిస్తే ఇరవైకి పైగా పేర్లు కనిపిస్తాయి. ఈ మహానగరంలో పొరుగువారి ముఖాలు తెలియకపోవచ్చు గానీ వారి రూటర్ల పేర్లు మాత్రం అందరికీ కంఠస్థం. ఆ రూటర్లలో చాలా వరకూ, నా మౌస్, నా ఇయర్‌ఫోన్లు, వంటింట్లోని మైక్రోవేవ్ పొయ్యి అన్నీ ఒకే ఇరుకు సందులో తిరుగుతున్నాయి. ఆ సందు 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు. మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్.

ఇంత జనసమ్మర్దంలో అసలు ఏదైనా ఎలా పనిచేస్తోందన్నదే నన్ను ఆశ్చర్యపరిచిన ప్రశ్న. సంప్రదాయ బ్లూటూత్ ఈ సందును 79 సన్నని బాటలుగా విభజించుకుని, క్షణానికి 1600 సార్లు ఒక బాట నుంచి మరో బాటకు దూకుతుంది. ఏ బాటలోనూ స్థిరపడదు. 2003లో వచ్చిన మెరుగుదలతో దానికి మరో సుగుణం అబ్బింది. ఏయే బాటల్లో వైఫై రద్దీ ఉందో గమనించి, వాటిని విడిచిపెట్టి, మిగిలిన వాటిలోనే దూకుతుంది. కనీసం ఇరవై బాటలు మిగిలితే చాలు, సంసారం సాగిపోతుంది. ఒక ల్యాప్‌టాప్ చుట్టూ ఏకకాలంలో చురుగ్గా ఉండగలిగే పరికరాలు ఏడు. ఎవరెప్పుడు మాట్లాడాలో ల్యాప్‌టాపే నిర్ణయిస్తుంది. ఈ ఏర్పాటులో ఒకరిని యజమాని అనీ మిగతావారిని బానిసలనీ పిలిచే పరిభాష చాలాకాలం నడిచింది. కొన్నేళ్ల క్రితం దాన్ని తొలగించి 'కేంద్రం', 'పరిధిలోనివి' అనే అర్థం వచ్చే మాటలు పెట్టారు. పేరు మారింది గానీ వంతులు నిర్ణయించే అధికారం మాత్రం మధ్యలో ఉన్నవాడి దగ్గరే ఉంది. సమాఖ్య వ్యవస్థ గురించి రాసేవారికి ఇందులో కొత్తదనం ఏమీ కనిపించదు.

నెహ్రూ ప్లేస్‌లో మూడు దుకాణాలు తిరిగి, నాలుగు పత్రాలు చదివి నేను చేసుకున్న సర్దుబాట్లు స్వల్పమైనవే. ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాను. దానితో ఇరుకు సందులో ఒక పెద్ద లారీ తగ్గినట్లయింది. నా పాత మౌస్‌కు వేలెడంత డాంగిల్ ఒకటి ఉండేది. దాన్ని బయటి హార్డ్‌డిస్క్ పక్కనున్న యూఎస్‌బీ రంధ్రం నుంచి తీసి, మూరెడు పొడిగింపు తీగతో దూరంగా పెట్టాను. యూఎస్‌బీ 3.0 తీగలు, పరికరాలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. ఇక ఇయర్‌ఫోన్ల సంగతి. వాటిలోని మైకును తెరవగానే శబ్దం పాత ట్రంకాల్ గొంతులా మారిపోతుంది, ఎందుకంటే ఇరువైపుల మాటకూ వంతులు కేటాయించవలసి రావడంతో నాణ్యత తగ్గించుకుంటుంది. మైకుగా ల్యాప్‌టాప్‌నే వాడి, చెవులను వినడానికే వదిలేస్తే ఆ బాధ తీరుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది మాత్రం గోడ అవతలి మనిషితో మాట్లాడటం. పక్క ఫ్లాటులో ఉండేది రైల్వే సిగ్నలింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఒడియా పెద్దమనిషి. ఆయన రూటరు ఒకటికి రెండు బాటల వెడల్పు ఆక్రమించి ప్రసారం చేస్తోంది. విషయం చెబితే నవ్వి, "ఒకే లైను మీద రెండు బళ్లు పంపితే ఏమవుతుందో నాకు చెప్పాలా జర్నలిస్టు గారూ" అన్నారు. ఆయన ఒకటో ఛానెల్‌కు, నేను పదకొండుకు, కింది అంతస్తు కుర్రాళ్లు ఆరుకు మారాం. 2.4లో ఒకదానితో ఒకటి ఢీకొనని ఛానెళ్లు ఆ మూడే. ఈ ఒప్పందానికి ఏ నియంత్రణ సంస్థా సాక్షి కాదు.

ఈ సందును ఇలా తలుపులు తీసి ఎవరు వదిలారన్నది రాజకీయ ప్రశ్న. అందుకు సమాధానం కోసం అశోకా రోడ్డుకు వెళ్లాలి. ఢిల్లీ తెలుగువారికి ఆ రోడ్డు అంటే ఆంధ్రా భవన్ భోజనమే గుర్తుకొస్తుంది. అదే రోడ్డులో మరికొంత ముందుకు నడిస్తే సంచార్ భవన్, దాని సమీపంలోనే నిర్వాచన్ సదన్ ఉంటాయి. దేశంలో ఏ తరంగం ఎవరికి చెందాలో నిర్ణయించే వైర్‌లెస్ ప్రణాళికా విభాగం సంచార్ భవన్‌లో ఉంది.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. వలస ప్రభుత్వానికి తరంగమంటే అనుమానం. స్వతంత్ర ప్రభుత్వం ఆ అనుమానాన్ని చాలాకాలం భద్రంగా కాపాడింది. మా నాన్నగారి ట్రంకుపెట్టెలో బ్యాంకు పాసుపుస్తకంలాంటి రేడియో లైసెన్సు పుస్తకం ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి ముద్ర వేయించుకుంటేనే ఇంట్లో వార్తలు వినే హక్కు. 1980లలో ఆ రుసుము పోయింది గానీ చట్టం పోలేదు. నా మౌస్ వంటి పరికరాన్ని ఇంటా బయటా లైసెన్సు లేకుండా వాడుకునే అవకాశం ఈ సందులో పూర్తిగా వచ్చింది 2005 జనవరిలో, కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్‌కు మినహాయింపు నిబంధనలు జారీ చేసినప్పుడు. ప్రసార శక్తి పరిమితి దాటకూడదు, ఇతరుల జోక్యం నుంచి రక్షణ అడగకూడదు. షరతులు దాదాపు అంతే. అమెరికా ఇదే పనిని 1985లో చేసింది. మైక్రోవేవ్ పొయ్యిల రొదతో పాడైన పట్టీ కాబట్టి పెద్దలెవరూ ఆశపడలేదు. అందుకే సామాన్యులకు దక్కింది. 2018లో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్‌ను కూడా ఇలాగే తెరిచారు. నేను ల్యాప్‌టాప్‌ను మార్చుకున్నది ఆ విశాలమైన వీధిలోకే.

తరంగాలు ప్రజల ఆస్తి అని ఈ దేశంలో గట్టిగా చెప్పినవారిలో ఒక తెలుగువాడు ఉన్నారు. 1995 ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసార హక్కుల వివాదంలో సుప్రీంకోర్టు తీర్పు వెలువరించినప్పుడు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తన ప్రత్యేక తీర్పులో ఆ సూత్రాన్ని విస్తారంగా చర్చించారు. ప్రభుత్వ గుత్తాధిపత్యానికి గానీ ప్రైవేటు గుత్తాధిపత్యానికి గానీ తరంగాలను అప్పగించరాదన్నది ఆయన ఆందోళన. పదిహేడేళ్ల తర్వాత, 2012 ఫిబ్రవరి 2న, అదే న్యాయస్థానం 2జీ కేసులో 122 లైసెన్సులను రద్దు చేసింది. ఆ రెండు తీర్పుల మధ్య 'ప్రజల ఆస్తి' అనే మాట అర్థం మన మీడియాలో నెమ్మదిగా మారిపోయింది. ప్రజల ఆస్తి అంటే ఖజానాకు రావలసిన సొమ్ము అన్న భావన స్థిరపడింది. కాగ్ చెప్పిన 1.76 లక్షల కోట్ల అంకె శీర్షికల్లో ఎంతకాలం వెలిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2017 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం నిందితులందరినీ నిర్దోషులుగా ప్రకటించిన వార్తకు ఆ వెలుగు దక్కలేదు. సహజ వనరులన్నిటికీ వేలం ఒక్కటే రాజ్యాంగబద్ధమైన మార్గం కాదని 2012 సెప్టెంబరులో రాష్ట్రపతి నివేదనపై సుప్రీంకోర్టు ఇచ్చిన అభిప్రాయమైతే దాదాపు ఎవరికీ గుర్తు లేదు.

వేలం, ఆశ్రితులకు పందేరం, ఈ రెండూ కాని మూడో దారి ఒకటుంది. ఎవరికీ ఇవ్వకుండా అందరికీ వదిలేయడం. 2022లో 5జీ వేలం ద్వారా ఖజానాకు 1,50,173 కోట్ల రూపాయల హామీ లభించిందని ప్రభుత్వం ఘనంగా ప్రకటించింది. ఇరవై ఏళ్లుగా దేశంలోని ప్రతి వైఫై రూటరునూ, ప్రతి బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌నూ మోస్తున్న ఆ 83.5 మెగాహెర్ట్జ్ వేలంలో తెచ్చింది సున్నా. బడ్జెట్ పత్రాల్లో దానికి పద్దు లేదు గనుక రాజకీయాల్లోనూ దానికి ఉనికి లేదు.

ఉమ్మడి స్థలమన్నాక గోప్యతను ఎవరికి వారే చూసుకోవాలి. 2016లో పరిశోధకులు కొన్ని చవక రకం వైర్‌లెస్ కీబోర్డులు ప్రతి అక్షరాన్నీ సంకేతలిపి లేకుండా గాలిలోకి విసురుతున్నాయని, పదుల మీటర్ల దూరం నుంచే వాటిని చదవవచ్చని చూపారు. 2023 డిసెంబరులో బ్లూటూత్ అమలులోనే ఒక లోపం బయటపడింది. దాని ద్వారా అపరిచితుడు తానే కీబోర్డునని చెప్పుకుని పలు ఫోన్లలో, కంప్యూటర్లలో అక్షరాలు జొప్పించగలిగేవాడు. కంపెనీలు దిద్దుబాట్లు విడుదల చేశాయి. పెగసస్ తర్వాత ఢిల్లీలో విలేకరిగా ఉన్నవాడు వీటిని తేలిగ్గా తీసుకోలేడు. వాడని జతలను తొలగిస్తాను, నవీకరణలు వాయిదా వేయను. నాకు సమాచారం ఇచ్చేవారి పేర్లు మాత్రం ల్యాప్‌టాప్‌కు అతుక్కుని ఉన్న కీబోర్డు మీదే, మెడ వంచి, కొడతాను.

దీనికి వ్యతిరేక దిశలో భయం అతిగా పోయిన సందర్భం కూడా ఉంది. 2017 డిసెంబరు 9న, గుజరాత్ తొలిదశ పోలింగ్ రోజున, పోర్‌బందర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి అర్జున్ మోఢ్వాడియా ఓటింగ్ యంత్రాలు బ్లూటూత్‌కు అందుతున్నాయని ఫిర్యాదు చేశారు. ఫోను జాబితాలో 'ఈసీఓ 105' అనే పేరు కనిపించిందన్నది ఆధారం. విచారించిన నిర్వాచన్ సదన్ అది ఒక పోలింగ్ ఏజెంటు జేబులోని ఫోను పేరని తేల్చింది. బ్లూటూత్ జాబితాలో కనిపించే పేరు గుర్తింపు కార్డు కాదు, ఎవరైనా తమ పరికరానికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. మోఢ్వాడియా 2024లో బీజేపీలో చేరారు. ఒక బాట నుంచి మరో బాటకు దూకడం బ్లూటూత్‌కు మాత్రమే తెలిసిన విద్య కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష 6 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది. 2020 ఏప్రిల్‌లో అమెరికా ఆ పట్టీలో 1200 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా తెరిచింది. మన సంచార్ భవన్ అయిదేళ్లు ఆలోచించి, 2025 మేలో, 5925 నుంచి 6425 వరకు గల 500 మెగాహెర్ట్జ్‌ను తక్కువ శక్తి పరికరాలకు తెరుస్తూ ముసాయిదా నిబంధనలు ప్రచురించింది. పైనున్న 700 మెగాహెర్ట్జ్‌పై మొబైల్ కంపెనీల దృష్టి ఉంది, ప్రభుత్వ మొగ్గూ అటే. ఈ వివాదంలో ప్రజల పక్షమని ఎవరికీ పతకం ఇవ్వనక్కర్లేదు. వేలం కావాలంటున్నవి పెద్ద టెలికాం సంస్థలైతే, వద్దంటున్నవారిలో ముందున్నవి పెద్ద అమెరికన్ టెక్నాలజీ సంస్థలు. అయినా నా అభిప్రాయం దాచను. నా వంటి పద్నాలుగో అంతస్తు మనిషికి మరో టవర్ కంటే మరో ఖాళీ వీధి అవసరం.

చట్టం ఎటు మొగ్గుతుందన్నది కూడా చూడాలి. 2023 డిసెంబరులో, 146 మంది ప్రతిపక్ష ఎంపీలు సస్పెండైన సమావేశాల్లో, స్వల్ప చర్చతో ఆమోదం పొందిన టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రజల తరఫున కేంద్ర ప్రభుత్వమే స్పెక్ట్రమ్ యజమాని అని రాసుకుంది. బ్లూటూత్ వారు వదిలేసిన మాట మన చట్టంలోకి వచ్చి కూర్చుంది. మినహాయింపు ఇచ్చే అధికారమూ, దాన్ని వెనక్కి తీసుకునే అధికారమూ ఆ యజమాని చేతిలోనే ఉన్నాయి.

ఆ పై 700 మెగాహెర్ట్జ్ గురించి సభలో ఒక ప్రశ్న వేయమని నాకు పరిచయమున్న ఇద్దరు తెలుగు ఎంపీలను అడిగాను. ఒకరు రాసి ఇమ్మన్నారు, రాసిచ్చాను. రెండో ఆయన ఓపికగా అంతా విని, "బాగుందండీ, దీనివల్ల రాష్ట్రానికి ఎంత వస్తుంది?" అన్నారు.